పాత స్పోర్ట్స్ కారు – నిత్య ప్రయాణం

వేసవికాలంలో పత్తికొండ టొమాటో మార్కెట్టు బయట లారీలు బారులు తీరి నిలబడి ఉండటం ఆ ప్రాంతంవారందరూ ఎరిగిన దృశ్యమే. ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. లారీ ముందుకు కదలదు, ఇంజను మాత్రం ఆగదు. కొంతసేపటికి డ్రైవరు చూపు రోడ్డుమీదనుంచి తన ఎదుటనున్న ఒక చిన్న ముల్లుమీదికి పోతుంది. ఆ ముల్లు చూపేది వేగాన్ని కాదు, రేడియేటరులోని నీటి వేడిని. ఆస్పరి మీదుగా ఆదోనికి పోయేటప్పుడు, బండి పరుగెత్తుతున్నంతసేపూ ఉన్నచోటనే ఉన్న ఆ ముల్లు, బండి నిలిచిన తరువాత మెల్లగా పైకి పాకుతుంది. పని తగ్గినప్పుడు వేడి పెరగటమేమిటన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

ఈ సందేహానికి సమాధానం తెలిసినవారికి మరొక ప్రశ్నకు కూడ సగం సమాధానం తెలిసినట్లే. అరవై ఏండ్లనాటి అమెరికను స్పోర్ట్స్ కారునొకదానిని బాగుచేసి, అద్దాల గదిలో పెట్టి చూపటానికి కాక, రోజూ కచేరీకీ బజారుకూ పోవటానికి వాడుకోవాలంటే ఏమి చేయాలి? అటువంటి కార్లు అమెరికాలో ఈనాటికీ వేలకొలది తిరుగుతున్నవి. డల్లాసు, హ్యూస్టన్ మొదలైన టెక్సాసు నగరాలలో తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడి ఉన్నవి. అక్కడి వేసవి రాయలసీమ వేసవికి ఏమాత్రం తీసిపోదు. పత్తికొండలో లారీని మరిగించే ఎండ అక్కడ పాత కారునూ మరిగిస్తుంది. రెంటికీ సూత్రం ఒకటే.

పాత కార్లను బాగుచేయటంలో రెండు మార్గాలున్నవి. మొదటిది, కారు కర్మాగారంనుంచి బయటికి వచ్చిననాడు ఎట్లా ఉన్నదో అట్లాగే తిరిగి నిలపటం. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో ఉన్న నిజాముల రోల్సు రాయిసు కారు ఇందుకు మంచి ఉదాహరణ. ఆరవ నిజాము ఆర్డరు చేసిన ఆ పసుపుపచ్చని కారు తన ఆయుర్దాయంలో తిరిగిన దూరం అతిస్వల్పం. దానిని చూచి ఆనందించవలసిందే కాని, ఎక్కి చార్మినారుదాకా పోయి వద్దామని ఎవరూ అనుకోరు. రెండవ మార్గం, కారు రూపాన్ని చెడగొట్టకుండా, పైకి కనిపించని భాగాలను నేటి రోడ్డుకూ నేటి పెట్రోలుకూ తగినట్లు మార్చటం. రాయలసీమ పల్లెలలో పాత పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు బిగించి పొలాలకు తిప్పిన మేస్త్రీలు చేసింది ఒక విధంగా ఈ రెండవ పనే. వారికి కారు పూర్వరూపంమీద మమకారం లేదు. రేపు ఉదయం బండి కదలటం ముఖ్యం. స్పోర్ట్స్ కారు యజమానికి రెండూ కావాలి. చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఈ వ్యాసానికి ఉదాహరణగా షెవ్రొలే కార్వెట్టును, అందులోనూ 1963నుంచి 1967వరకు తయారైన స్టింగ్ రే అనే నమూనాను తీసుకొందాము. ముల్లుతోక గల ఒక సముద్రపు చేపకు ఇంగ్లీషులో ఉన్న పేరే దీనికి పెట్టారు. జనరల్ మోటార్సువారు మొదటి కార్వెట్టును 1953 జనవరిలో న్యూయార్కులోని ఒక ప్రదర్శనలో చూపారు. ఆ సంవత్సరం జూను 30న ఫ్లింటు పట్టణంలో ఉత్పత్తి ప్రారంభమైనది. ఆ ఏడు తయారైనవి 300 మాత్రమే, అన్నీ తెల్లనివే. పేరుకు స్పోర్ట్స్ కారే అయినా అందులో ఉన్నది 150 అశ్వసామర్థ్యం గల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు మెట్ల గేరుపెట్టె. కొనేవారు కరువై 1955లో 700 కార్లకు ఉత్పత్తి పడిపోయింది. ఆ ఏడే ఎనిమిది సిలిండర్ల ఇంజను రావటం, జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు దాని బాగోగులు పట్టించుకోవటం వలన కారు బ్రదికింది. 1963 నమూనాలో వెనుక చక్రాలు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా పైకీ కిందికీ ఆడే ఏర్పాటు వచ్చింది. 1967వరకు ఐదేండ్లలో తయారైనవి సుమారు 1,18,000. బరువు దాదాపు 1,400 కిలోగ్రాములు. చాలా కార్లలో ఇంజను పరిమాణం 327 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 5.4 లీటర్లు. ఆ ఇంజను సామర్థ్యం, కొనుగోలుదారు ఎన్నుకొన్న రకాన్నిబట్టి, 250 అశ్వాలనుంచి 375 దాకా. అయితే ఆనాడు ఈ సంఖ్యలను ఫ్యాను, పొగగొట్టం వంటి భారాలేవీ లేకుండా బల్లమీద ఇంజనును ఒంటరిగా తిప్పి కొలిచేవారన్న సంగతి మరువరాదు. రోడ్డుమీద అంత దొరకదు.

ఈ కారు శరీరం ఇనుముది కాదు, గాజునారది. కరగిన గాజును సన్నని దారాలుగా తీసి, ఆ నారను రెసిన్ అనే బంకతో తడిపి, అచ్చులో పెట్టి గట్టిపరుస్తారు. గాజునార తుప్పు పట్టదు. అందుచేత పాత కార్వెట్టుకు తుప్పు భయం లేదని చాలామంది నమ్ముతారు. అది సగం నిజమే. గాజునార తొడుగు కింద కారు బరువునంతా మోసే చట్రం ఉక్కుదే. ముందు అద్దం చుట్టూ, తలుపుల దగ్గరా తొడుగుకు ఆధారంగా ఉండే పంజరం కూడ ఉక్కుదే. తొడుగు చక్కగా మెరుస్తూ ఉంటే, దాని వెనుక పంజరం ఏ స్థితిలో ఉన్నదో కంటికి తెలియదు. ఇనుప శరీరం గల కారు తన జబ్బును చర్మంమీద చూపుతుంది. ఈ కారు దాచుకొంటుంది. కొనదలచినవాడు రంగును చూచి మురిసిపోక, కారు కిందికి దూరి, చిన్న సుత్తితో చట్రాన్ని తట్టి చూడాలి. బోలుశబ్దం వచ్చినచోట పొరలు పొరలుగా ఊడుతున్నదన్నమాట.

గాజునార వలన మరొక విచిత్రం కూడ కలుగుతుంది. మామూలు కారులో బ్యాటరీనుంచి దీపానికి ఒకే తీగ పోతుంది. తిరిగి వచ్చే దారిగా కారు శరీరమే పనిచేస్తుంది. గాజునార విద్యుత్తును ప్రసరింపనీయదు కనుక కార్వెట్టులో ప్రతి దీపానికీ తిరుగుదారికొక తీగను వేరుగా లాగవలసి వచ్చింది. అరవై ఏండ్ల తరువాత ఒక దీపం మిణుకుమిణుకుమన్నదంటే నూటికి తొంబైపాళ్లు తప్పు దీపానిది కాదు; ఈ తిరుగుతీగను చట్రానికి బిగించిన మరచుట్టు తుప్పుపట్టి ఉంటుంది. అట్లాగే, ఇనుప బానెట్టు ఇంజనులోని విద్యుత్ స్ఫులింగాలనుంచి వెలువడే రేడియో తరంగాలను అడ్డుకొంటుంది, గాజునార అడ్డుకోదు. కనుక కారులోని రేడియో గరగరలాడకుండా కర్మాగారంవారు స్ఫులింగ తీగలకు లోహపు తొడుగులు వేశారు. బాగుచేసేవారు ఆ తొడుగులు ఎందుకో తెలియక పారవేసి, తరువాత రేడియోను మార్చుతూ కూర్చోవటం కద్దు.

ఎండలో ఇంజను

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాము. పెట్రోలు మండినప్పుడు పుట్టిన వేడిలో చక్రాలను తిప్పే పనిగా మారేది నాలుగవవంతు మాత్రమే. మూడవవంతుకు పైగా పొగతో బయటికి పోతుంది. మిగిలినదానిలో ఎక్కువభాగం ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి చేరుతుంది. ఆ నీటిని చల్లార్చవలసినది రేడియేటరు. రేడియేటరుకు కావలసింది గాలి. బండి పరుగెత్తేటప్పుడు గాలి తనంతట తానే వచ్చి తగులుతుంది. నిలబడినప్పుడు వచ్చే గాలి ఫ్యాను లాగినంతే. పాత కార్లలో ఫ్యానును తిప్పేది ఇంజనే. నిలబడి ఉన్న ఇంజను నిమిషానికి ఆరేడువందలసార్లు మాత్రమే తిరుగుతుంది కనుక ఫ్యాను కూడ నీరసంగానే తిరుగుతుంది. పుట్టే వేడి తగ్గిందన్నమాట నిజమే కాని, పోయే వేడి అంతకంటె ఎక్కువగా తగ్గింది. ముల్లు పైకి పాకటానికి కారణం ఇది.

స్టింగ్ రే తయారైన రోజులకంటె నేటి నగరాలలో నిలబడే సమయం ఎక్కువ. కనుక నిత్యం వాడే కారుకు మొదటి సంస్కారం ఇక్కడనే జరగాలి. రేడియేటరుకూ ఫ్యానుకూ నడుమ ఉండే తొడుగు చిరగకుండా, సందులలో గాలి పక్కదారి పట్టకుండా రబ్బరు పట్టీలను తిరిగి అమర్చటం అన్నిటికంటె చవకైన పని, తరచు మరచిపోయేదీ అదే. తరువాత మూత. రేడియేటరు మూత కేవలం మూత కాదు; లోపల పీడనాన్ని నిలిపే కవాటం. చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము చొప్పున అదనపు పీడనం నిలిస్తే నీరు 100 డిగ్రీలకు కాక దాదాపు 120 డిగ్రీలకు గాని మరగదు. ఇంట్లో ప్రెషరు కుక్కరులో జరిగేది ఇదే. మూతలోని రబ్బరు ఎండిపోతే ఈ లాభమంతా పోతుంది. కొంత ఖర్చుకు వెనుదీయనివారు పైనుంచి కనిపించకుండా రేడియేటరు వెనుక ఒక విద్యుత్ ఫ్యానును అమర్చుతారు. అది ఇంజను వేగంతో నిమిత్తం లేకుండా తిరుగుతుంది. అయితే దానికి ఇరవై, ముప్పై ఆంపియర్ల విద్యుత్తు కావాలి. ఆ కాలపు ఆల్టర్నేటరు పూర్తివేగంతో తిరిగినా 40 ఆంపియర్లకు మించి ఇవ్వలేదు, నిలబడినప్పుడు అందులో కొంతభాగమే. అందుచేత ఫ్యాను మార్చినవాడు ఆల్టర్నేటరును మార్చాలి, ఆల్టర్నేటరును మార్చినవాడు తీగలను మార్చాలి. పాత యంత్రంలో ఒకచోట వేలుపెడితే మూడుచోట్ల కదులుతుంది.

వేడిని తగ్గించటానికి మన మేస్త్రీలు పాటించే ఒక పద్ధతిని గురించి ఇక్కడ చెప్పటం అవసరం. వేసవి రాగానే థర్మోస్టాటును పెరికి పారవేస్తారు. థర్మోస్టాటు అనగా నీరు తగినంత వేడెక్కేవరకు దానిని రేడియేటరువైపు పోనీయకుండా ఆపే చిన్న కవాటం. అది తీసివేస్తే నీరు చల్లగా ఉంటుందన్నమాట నిజమే. కాని ఇంజను చల్లగా ఉండటం మేలు కాదు. చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. గోడలమీది నూనెను కడిగివేస్తుంది. చమురులో తేమ చేరి బురద కడుతుంది. రేడియేటరు పూడుకుపోయి ఉన్న రోగాన్ని ఇది దాచుతుందే కాని నయం చేయదు. ఎండకాలంలో కూడ థర్మోస్టాటు ఉండవలసిందే.

వేడి పెట్రోలును కూడ బాధిస్తుంది. పెట్రోలు ఒకే ద్రవం కాదు, పలు ద్రవాల మిశ్రమం. అందులోని తేలికభాగాలు 40 డిగ్రీల చుట్టుపట్లనే ఆవిరి కావటం మొదలుపెడతవి. పాత కారులో పెట్రోలును తోడే పంపు ఇంజనుకే బిగించి ఉండి, వెనుకనున్న ట్యాంకునుంచి పీల్చుకొంటుంది. పీల్చినచోట పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే ద్రవం మరింత సులభంగా మరుగుతుంది. గొట్టంలో బుడగలు ఏర్పడితే పంపు ఆవిరిని తోడుతూ కూర్చుంటుంది, ఇంజను ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ జరగనట్లు మళ్లీ నడుస్తుంది. దీనికి విరుగుడు పంపును ట్యాంకు దగ్గర పెట్టటం. అప్పుడు పెట్రోలును పీల్చటానికి మారు నెట్టటం జరుగుతుంది, గొట్టమంతటా పీడనం ఎక్కువగా ఉంటుంది. ప్రమాదం జరిగి ఇంజను ఆగినప్పుడు ఆ పంపు తనంతట తాను ఆగే మీటను కూడ తప్పక అమర్చాలి. లేకపోతే పగిలిన గొట్టంలోకి పెట్రోలు ధార కడుతూనే ఉంటుంది.

సీసం పోయింది, సారాయి వచ్చింది

ఈ కారు పుట్టిననాటి పెట్రోలు నేడు లేదు. థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికను ఇంజనీరు పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా కలిపితే ఇంజను ‘నాక్’ చేయదని, అనగా లోపల పెట్రోలు వేళకాని వేళ పేలి టకటకమని కొట్టుకోదని, 1921లో కనిపెట్టాడు. అందుకు మానవజాతి చెల్లించిన మూల్యం పెద్దది. పొగతో వెలువడిన సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుందని తేలిన తరువాత ఒక్కొక్క దేశమే దానిని వదలుకొన్నది. అమెరికా 1996లో రోడ్డు వాహనాలకు పూర్తిగా నిషేధించింది. భారతదేశమంతటా 2000 ఫిబ్రవరినుంచి సీసం లేని పెట్రోలే దొరుకుతున్నది. ప్రపంచంలో చిట్టచివరి బంకు 2021లో అల్జీరియాలో మూతపడింది.

సీసం ఇంజనుకు మరొక ఉపకారం కూడ చేసేది. మండిన వాయువులను బయటికి వదిలే కవాటం ఎర్రగా కాలి, నిమిషానికి వేలసార్లు తన పీటమీద వచ్చి కొట్టుకొంటుంది. సీసపు పొర ఒకటి ఆ రెంటి నడుమ మెత్తగా నిలిచి, ఇనుము ఇనుముకు అతుక్కోకుండ కాపాడేది. ఆ పొర లేనప్పుడు పీట క్రమంగా అరిగి లోపలికి దిగుతుంది. కవాటం సరిగా మూసుకోదు. ఇంజనును విప్పినప్పుడే ఆ పీటలను తొలిచి గట్టి మిశ్రలోహపు చుట్లను దిగగొట్టిస్తే ఈ బాధ శాశ్వతంగా తొలగుతుంది. నెలకొకసారి అయిదు మైళ్లు తిరిగే కారుకు ఇది అనవసరం. నిత్యం తిరిగేదానికి అవసరం.

సీసం స్థానంలో ఇప్పుడు ఇథనాల్, అనగా సారాయిలోని సారం, వచ్చింది. అమెరికాలో సాధారణంగా నూటికి 10 పాళ్లు కలుపుతారు. మనదేశంలో 2023నుంచి 20 పాళ్ల మిశ్రమం అమ్మకానికి వచ్చి, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ నాక్‌ను ఆపటంలో సీసానికి తీసిపోదు. ఎక్కువ సంపీడనం గల ఈ ఇంజనుకు అది నిజానికి మంచి మందు. కాని దానికి మూడు గుణాలున్నవి. గాలిలోని తేమను పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, పంపులోని పొరలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. దానిలోనే కొంత ఆమ్లజని ఇమిడి ఉన్నది కాబట్టి మండటానికి బయటి గాలి తక్కువ చాలు. ఒక గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి, ఒక గ్రాము ఇథనాలుకు 9 గ్రాములే. పాత కార్బ్యురేటరుకు ఈ సంగతి తెలియదు. అది ఎప్పటి కొలతనే పోస్తుంది. ఫలితంగా మిశ్రమంలో గాలి పాలు మించి, ఇంజను వేడెక్కి, తొక్కగానే తడబడుతుంది. నేటి కార్లలో పొగను రుచి చూచి మోతాదును సరిదిద్దే పరికరమున్నది. పాత కారులో ఆ పని మనిషి చేయాలి: కార్బ్యురేటరులోని జెట్లను ఒక మెట్టు పెద్దవిగా మార్చాలి, రబ్బరు భాగాలన్నిటినీ కొత్తరకంవి వేయాలి. గొట్టంలోనుంచి కారిన ఒక చుక్క వేడి ఇంజనుమీద పడితే చాలు. గాజునారకు పట్టిన బంక మండితే ఆర్పటం కష్టం.

స్ఫులింగం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చును. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 4,000సార్లు తిరిగేటప్పుడు నిమిషానికి 16,000 స్ఫులింగాలు కావాలి. పాత పద్ధతిలో ఇన్నిసార్లూ రెండు చిన్న లోహపు బిళ్లలు కలిసి విడిపోవాలి. అవి కాలి అరుగుతూ ఉంటవి గనుక తరచు సవరించాలి. వాటి స్థానంలో, కదిలే భాగాలు తాకకుండానే అయస్కాంతంతో సంకేతమిచ్చే ట్రాన్సిస్టరు పరికరాన్ని అదే డబ్బాలో ఇముడ్చవచ్చును. ఇదేమంత అపచారం కాదు. కార్వెట్టుకు 1964లోనే కర్మాగారంవారు ట్రాన్సిస్టరు స్ఫులింగ పరికరాన్ని కోరినవారికి అమర్చి ఇచ్చారు.

ఆపటం

కారును పరుగెత్తించటంకంటె ఆపటం కష్టం. ఇద్దరు మనుషులతో కలిపి 1,500 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. దానిలోని గతిశక్తిని వేడిగా లెక్కిస్తే సుమారు 138 కిలోకెలోరీలు. అనగా దాదాపు రెండు లీటర్ల చన్నీటిని మరిగించటానికి చాలినంత వేడి. దానినంతా నాలుగు చక్రాల దగ్గర కొన్ని సెకండ్లలో పుట్టించి, గాలిలో కలపాలి. వేగం సగమైతే ఈ వేడి సగం కాదు, నాలుగవవంతే అవుతుంది. ఊరిలో చక్కగా పనిచేసిన బ్రేకులు పెద్దరోడ్డుమీద మోసం చేయటానికి కారణం ఇదే.

1963, 1964 నమూనాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి, లోపలి పట్టీనుంచి దూరంగా జరుగుతుంది. పట్టీ కూడ వేడికి పట్టు కోల్పోతుంది. 1965లో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు వచ్చినవి. గాలిలో తిరిగే ఇనుప బిళ్లను రెండువైపులనుంచి నొక్కే ఈ పద్ధతిలో వేడి త్వరగా పోతుంది, బిళ్ల వ్యాకోచించినా పట్టీలవైపే వస్తుంది. అమెరికను కార్లలో ఆనాటికి ఇది గొప్ప ముందడుగు.

ఆ ముందడుగులో ఒక ముల్లు దిగింది. బ్రేకులు పనిచేసేది పాస్కల్ నియమంమీద: మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్నివైపులా సమానంగా వ్యాపిస్తుంది. కాలితో 25 కిలోగ్రాముల బలంతో తొక్కితే, మీట దానిని ఐదింతలు చేస్తే, అయిదు చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల ముఖ్య సిలిండరులో చదరపు సెంటీమీటరుకు 25 కిలోగ్రాముల పీడనం పుడుతుంది. అది గొట్టాలగుండా పోయి ప్రతి చక్రం దగ్గరా నాలుగు పిస్టన్లను నెడుతుంది. ఈ ద్రవం సామాన్యంగా గ్లైకాల్ జాతిది. దానికి తేమ అంటే ప్రీతి. గాలి సోకిన ప్రతిసారీ కాస్త నీటిని పీల్చుకొంటుంది. నీటివలన రెండు నష్టాలు. ఒకటి, ద్రవం త్వరగా మరుగుతుంది. డాట్ 3 అనే రకం పొడిగా ఉన్నప్పుడు 205 డిగ్రీలదాకా మరగరాదని నిబంధన. తేమ పట్టిన తరువాత 140 డిగ్రీలు నిలిస్తే చాలునంటారు. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలుంటవి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. తొక్కిన కాలు గాలిలోకి దిగినట్లు దిగుతుంది. రెండవ నష్టం నిదానమైనది. పోత ఇనుముతో చేసిన ఆ పిస్టను గదుల గోడలకు ఈ తేమ తుప్పు పట్టించి గుంటలు చేస్తుంది. కారు ఎంత తక్కువ తిరిగితే ఇది అంత ఎక్కువ. గోరంత గుంట చాలు. రబ్బరు వాషరు అంచునుంచి ద్రవం బయటికి కారుతుంది, లేదా గాలి లోపలికి పోతుంది. తరువాతి కాలంలో మేస్త్రీలు కనిపెట్టిన చికిత్స చాలా సొగసైనది. ఆ గదులను కాస్త పెద్దవిగా తొలిచి, తుప్పు పట్టని ఉక్కు గొట్టాలను లోపల దిగగొట్టుతారు. బయటినుంచి చూస్తే కర్మాగారపు భాగమే. లోపల మాత్రం తేమకు లొంగని గోడ. పాతదాన్ని నిత్యోపయోగానికి మలచే విద్యకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తేమ పీల్చని సిలికోను ద్రవం పోస్తే సరిపోదా అని అడుగవచ్చును. ప్రదర్శన కార్లవారు దానినే మెచ్చుకొంటారు, ఒలికినా రంగు చెడదు గనుక. కాని లోపలికి చేరిన నీరు అందులో కలవక, బొట్టుగా పల్లానికి జారి, ఒకేచోట చేరి తుప్పు పట్టిస్తుంది. నిత్యం తిరిగే కారుకు మామూలు ద్రవాన్నే పోసి రెండేండ్లకొకసారి పూర్తిగా మార్చటం మేలు.

దీనికంటె పెద్ద ప్రశ్న మరొకటి. 1966వరకు ఈ కార్లలో చాలాభాగానికి ముఖ్య సిలిండరులో ఉన్నది ఒకే గది. నాలుగు చక్రాలకూ అదే ఆధారం. ఒక చక్రం దగ్గర గొట్టం పగిలితే పాస్కల్ నియమం ప్రకారమే నాలుగు చక్రాల పీడనమూ ఒక్కసారిగా పోతుంది. చేతి బ్రేకు తప్ప దిక్కులేదు. 1967 నమూనాలో గదిని రెండుగా చీల్చి, ముందు చక్రాలకొకటి, వెనుక చక్రాలకొకటి ఇచ్చారు. ఒకటి పోయినా రెండవది సగం పనైనా చేస్తుంది. ఈ రెండుగదుల సిలిండరును పాత కారుకు బిగించటం పెద్ద పని కాదు. అయినా కొందరు బిగించరు. ఎందుచేత? 1974లో ఏర్పడిన జాతీయ కార్వెట్టు పునరుద్ధరణకారుల సంఘం వంటి సంస్థలు కార్లను పరీక్షించేటప్పుడు, ప్రతి భాగమూ కర్మాగారంలో ఉన్నట్లే ఉన్నదా అని చూచి మార్కులు వేస్తవి. రెండుగదుల సిలిండరు కనిపిస్తే మార్కులు తగ్గుతవి, మార్కులు తగ్గితే ధర తగ్గుతుంది. సంఘంవారి ఉద్దేశం చరిత్రను కాపాడటం, అది మంచిదే. పరీక్షకు నిలిచే కారు, పిల్లలను బడికి దించే కారు ఒకటే కానక్కరలేదు. ఈ రెంటినీ ఒకే కారులో కోరుకొనేవాడు పాత సిలిండరును నూనె పూసిన గుడ్డలో చుట్టి అటకమీద దాచుకొని, రోడ్డుమీద రెండుగదులదానితో తిరగాలి. మరచుట్లు విప్పితే పోయేదానికోసం ప్రాణాన్ని ఒకే గొట్టానికి వేలాడదీయటం వివేకం కాదు.

సవరించటానికి అంత సులభం కానివి కూడ ఉన్నవి. 1966వరకు స్టీరింగు కడ్డీ ముందునుంచి డ్రైవరు రొమ్ముదాకా ఒకే గట్టి ఉక్కు. ముందునుంచి దెబ్బ తగిలితే అది ఈటెవలె వెనుకకు వస్తుంది. దెబ్బకు తనలోకి తాను ముడుచుకొనే కడ్డీ జనరల్ మోటార్సు కార్లలో 1967 నమూనాలతో వచ్చింది. భుజంమీదుగా పోయే మూడుబిందువుల నడికట్టును వోల్వో సంస్థలోని నీల్స్ బోలిన్ 1959లోనే రూపొందించినా, ఈ కార్లలో చాలాభాగానికి ఉన్నది నడుముకు కట్టేది మాత్రమే. పట్టీని అదనంగా బిగించవచ్చును గాని, అది ఉక్కు పంజరానికి చేరాలి. గాజునారకు బిగించిన పట్టీ దెబ్బకు మరచుట్టుతో సహా ఊడివస్తుంది. ఎంత చేసినా ఈ కారు దెబ్బను నేటి కారువలె ఓర్వలేదని డ్రైవరు ఎరిగి నడపాలి. టైర్ల విషయంలో మాత్రం ఏ సందేహమూ అక్కరలేదు. ఏటవాలు దారాల పాత టైర్లకు బదులు రేడియలు టైర్లు వేస్తే బాట పట్టు పెరుగుతుంది. టైరు పక్కన అచ్చుపడిన నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతవి. పువ్వులు అరగకపోయినా పదేండ్లు నిండిన రబ్బరును నమ్మరాదు.

మనదేశంలో ఇటువంటి కారు ఉన్నవారికి చట్టం వేరొక హద్దు గీసింది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం, యాబై ఏండ్లు దాటి, పూర్వరూపంలోనే ఉన్న వాహనాన్ని ప్రాచీన వాహనంగా ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకోవచ్చును. నంబరు పలకమీద ప్రత్యేకమైన అక్షరాలు ఉంటవి. కాని అట్లా రిజిస్టరు చేయించిన బండిని నిత్యం రోడ్డుమీద తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకుపోవచ్చునంతే. కనుక స్టింగ్ రే ఒకటి ఈ నిబంధనకింద ఆదోని బజారులో రోజూ తిరగటం చెల్లదు. దాని నిత్యజీవితం అమెరికాలోనే.

అయితే అక్కడ కూడ దానిని ఎక్కువగా చెడగొట్టేది వాడకం కాదు, వాడకపోవటం. పెట్రోలులోని ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందంటే ఆశ్చర్యం కలుగుతుంది గాని, అది నిజం. చాలాభాగం ఆవిరిగా పొగగొట్టంగుండా పోతుంది. కొంత పిస్టన్ల సందులలోనుంచి కిందికి దిగి చమురులో చేరుతుంది. చమురు బాగా కాగితే ఆ నీరు తిరిగి ఆవిరై బయటపడుతుంది. ఆదివారంనాడు ఇంజనును అయిదు నిమిషాలు తిప్పి, శబ్దం విని సంతోషించి, తిరిగి షెడ్డులో పెట్టే యజమాని నీటిని పుట్టిస్తున్నాడే కాని వెళ్లగొట్టటం లేదు. రేడియేటరు ముల్లు పది నిమిషాలలో తన స్థానానికి వస్తుంది. చమురు వేడెక్కటానికి దానికి రెట్టింపు కాలం కావాలి. కనుక కారును తీసినప్పుడల్లా ఇరవై, ముప్పై కిలోమీటర్లకు తక్కువకాకుండా, మధ్యమధ్య బ్రేకులు కాస్త గట్టిగా తొక్కుతూ, నడిపి తీసుకురావాలి.